గాజు పళ్లెంలో అక్కాచెల్లెళ్లు

నాటక సంస్థ దుస్తుల గదిలో ఆమెను అందరూ కత్తెరమ్మ అని పిలిచేవారు. వేదిక మీద రాజు తొడుక్కునే పొడుగాటి కోటైనా, దొంగ కప్పుకునే చింపిరి దుప్పటైనా, బల్ల మీద గుడ్డ పరిచి సుద్దతో గీసి కత్తిరించేది ఆమే. కుట్టడానికి వేరేవాళ్లు ఉండేవారు. కోత దగ్గరికి మాత్రం ఎవరినీ రానిచ్చేది కాదు.

ఆమెకు ఒక అక్క ఉంది. ఇద్దరూ కవలలు, అచ్చు గుద్దినట్టు ఒకే పోలిక. పసితనంలో కన్నతల్లే తికమకపడి ఒకదానికి రెండుసార్లు పాలు పట్టి రెండోదాన్ని ఏడిపించిన రోజులున్నాయి. కొద్ది నిమిషాలు ముందు పుట్టినందుకే అక్క జీవితమంతా పెద్దరికం వెలగబెట్టింది. ఆమె కారు నడపడం నేర్పే బడిలో పనిచేసేది. నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని, తన వైపు ఉన్న రెండో బ్రేకు మీద కాలు ఉంచి, ఎదుటివాళ్లు ఎంత కంగారుపడినా గొంతు పెంచకుండా "మెల్లగా, మెల్లగా" అనడం ఆమె ఉద్యోగం. ఇంట్లోనూ ఆమె తీరు అదే. చెల్లెలి విషయంలో అయితే ఆ కాలు బ్రేకు మీద నుంచి తీసిందే లేదు.

దానికి కారణం లేకపోలేదు. కత్తెరమ్మ ఇరవైల్లో ఉండగా ఒక వసంతంలో ఆమెకు నిద్ర అక్కర్లేకుండా పోయింది. పడుకోకపోయినా అలసట లేదు. మాట నోట్లో ఉండగానే తరువాతి మాట తోసుకొచ్చేది. ఏ గుడ్డ చూసినా అందులో దాగి ఉన్న దుస్తులు కళ్లకు కట్టేవి. ఆ ఊపులో ఒకరోజు వేదిక ముందుండే ఎర్ర మఖ్మల్ తెరను దింపించి, నటులకూ గుమాస్తాలకూ తలుపు దగ్గర కాపలా ఉండే ముసలాయనకూ తలా ఒక కోటు కత్తిరించేసింది. కోట్లు అద్భుతంగా కుదిరాయి. తెర మాత్రం పోయింది. ఆ తరువాత నెలల తరబడి మంచం దిగలేదు. తల దువ్వుకోవడం కూడా కొండ ఎత్తినట్టు ఉండేది. అప్పుడే డాక్టరు ఆ జబ్బు పేరు చెప్పాడు, బైపోలార్ డిజార్డర్ అని. లిథియం మాత్రలు రాసిచ్చాడు. అవి ఆమెకు పడ్డాయి. మధ్యలో ఒకటి రెండుసార్లు తూలినా, మళ్లీ కాళ్ల మీద నిలబడి, బల్ల దగ్గరికి చేరి, నలభైలోకి వచ్చింది.

మాత్రల వల్ల వేళ్లు కొద్దిగా వణికేవి. మనిషి పట్టించుకోకపోయినా సన్నటి పట్టు గుడ్డ పట్టించుకుంటుంది. రక్తపరీక్షకు వెళ్లిన ఒకసారి ఆమె డాక్టరుతో ఆ సంగతి చెప్పి, మోతాదు కొంచెం తగ్గించే వీలుందా అని అడిగింది. మాటలో మాటగా, అసలీ మందు లోపల ఏం చేస్తుందని కూడా అడిగింది.

డాక్టరు రక్తపరీక్ష కాగితం పక్కన పెట్టాడు. "నిజం చెప్పాలంటే పూర్తిగా ఎవరికీ తెలీదమ్మా. పనిచేస్తుందని తెలుసు. కొందరికే చేస్తుందనీ తెలుసు. ఎలా అంటే, సగం సగం తెలుసు."

"లిథియం అంటే బ్యాటరీల్లో వేసేదేనా?"

"ఆ లోహమే. నువ్వు మింగేది దాని ఉప్పు."

కత్తెరమ్మకు కోపం రావాల్సింది. రాలేదు. ఇన్నేళ్లుగా తన బుర్రను ఒక ఉప్పు పట్టి ఉంచుతోందనీ, ఎలా పట్టి ఉంచుతోందో ఆ ఉప్పు రాసిచ్చినవాళ్లకే సరిగ్గా తెలియదనీ వినేసరికి ఆమెకు ఎప్పుడూ లేని కుతూహలం పుట్టింది. డాక్టరు అది గమనించి, విశ్వవిద్యాలయంలో కొందరు అదే పని మీద ఉన్నారని చెప్పాడు. కవలల్లో ఒకరికి జబ్బు ఉండి రెండోవారికి లేని జంటల కోసం వాళ్లు వెతుకుతున్నారట. ఒకే మూసలో పోసిన ఇద్దరిలో ఒకరికే ఎందుకు వచ్చిందో చూడాలని. కాకపోతే ఇద్దరూ రావాలి. ఒక్కరే వస్తే పనికిరాదు.

అక్క దగ్గర ఈ మాట ఎత్తగానే ఆమె ఒంటికాలి మీద లేచింది. తనకు ఒంట్లో బాగానే ఉందనీ, బాగున్నవాళ్లను సూదులతో పొడవడం ఏం చదువనీ అంది. తరువాత ఫోన్లు ఎత్తడం తగ్గించింది. ఇంటికి వెళ్తే వంటింట్లోకి దూరిపోయేది. వాళ్ల బావ, అంటే అక్క భర్త, గుమ్మంలోనే కళ్లతో సైగ చేసేవాడు, ఈరోజు వద్దులే అని.

కత్తెరమ్మ వేరే దారి పట్టింది. కారు బడికి ఫోన్ చేసి, దొంగపేరు ఒకటి చెప్పి, అక్క దగ్గరే పాఠం కావాలని సమయం రాయించుకుంది. ఆ రోజు కారు తలుపు తీసిన అక్క, డ్రైవరు సీట్లో తన ముఖమే తనను చూసి నవ్వుతుంటే వెనక్కి వెళ్లిపోదామనుకుంది. కానీ బడివాళ్లు అద్దాల్లోంచి చూస్తున్నారు. పళ్లు కొరుక్కుంటూ చెల్లెలిని పక్క సీట్లోకి జరిపి, స్టీరింగు ముందు కూర్చుంది.

ఊరి చివర గోదాముల వెనక వెడల్పాటి రోడ్డు ఒకటి ఉంది. అక్కడికి వెళ్లాక సీట్లు మార్చుకున్నారు. కత్తెరమ్మకు కారు నడపడం నిజంగానే రాదు. రెండుసార్లు బండి గుర్రంలా ఎగిరిపడింది. మూడోసారి ఆగిపోయినప్పుడు అక్క తాళం తిప్పి ఇంజను ఆపేసింది.

"నీకు తెలుసుకోవాలని ఉంది. నాకు లేదు. అంతే కదా. ఎందుకు పీడిస్తావు నన్ను?"

"ఎందుకు లేదో చెప్పు, వదిలేస్తాను."

అక్క అద్దంలోంచి బయటికి చూస్తూ చెప్పింది. "నువ్వు తెర కత్తిరించిన ఏడాది నుంచి రోజూ పొద్దున్నే లేవగానే నన్ను నేను చూసుకుంటున్నానే. ఇవాళ ఎక్కువ మాట్లాడుతున్నానా, ఎక్కువ నవ్వుతున్నానా అని. నీకు మంచి రోజొస్తే సంతోషం వేస్తుంది. నాకు మంచి రోజొస్తే భయం వేస్తుంది. ఇక వాళ్లు కూడా పరీక్ష చేసి ఏదో ఉందంటే నేనేం కావాలి?"

కత్తెరమ్మ స్టీరింగు మీద నుంచి చేతులు తీసేసింది. తన జబ్బు తన ఒక్కదానిదే అనుకుంది ఇన్నాళ్లూ. దానికి భయపడటం అనే సగం పని అక్క చేస్తోందని ఆమెకు తట్టనేలేదు. ఆమె బతిమాలలేదు, వాదించలేదు. నీ ఇష్టం అంది. బండి మళ్లీ ఎలా కదిలించాలో చెప్పమంది.

తిరుగు దారిలో సగం దూరం వచ్చాక అక్కే అంది, వస్తానని. కాకపోతే ఒక షరతు. తన గురించి ఏం తెలిసినా తన చెవిన వేయకూడదు.

ప్రయోగశాలలో వాళ్లతో మాట్లాడిన పరిశోధకురాలు పొట్టిగా, చలాకీగా ఉండేది. జుట్టు ముడి వేసి అందులో పెన్సిలు గుచ్చుకునేది, తరువాత ఆ పెన్సిలు కోసమే బల్లంతా వెతుక్కునేది. మొదటి రోజే కత్తెరమ్మ ఆమెకు మనసులో పెన్సిలమ్మ అని పేరు పెట్టేసింది. మొదట కాగితాల పని. తన ఫలితాలు తనకు చెప్పవచ్చని కత్తెరమ్మ రాసింది, చెప్పవద్దని అక్క రాసింది. ఆ తరువాత పెన్సిలమ్మ చేయబోయేదంతా వివరించింది.

"చేతి మీద మిరియం గింజంత చర్మం తీస్తాం. ఆ కణాల చేత తాము చర్మమన్న సంగతి మరిపిస్తాం. అవి పిండంలో ఉన్నప్పటి స్థితికి వెళ్లిపోతాయి. అప్పుడు, మీరు మెదడు కణాలుగా పెరగండమ్మా అని నచ్చజెబుతాం."

"వింటాయా?" అంది కత్తెరమ్మ.

"చాలావరకు మొండికేస్తాయి. నెలలు పడుతుంది. కొన్ని చచ్చిపోతాయి. నేను వాటిని తిడతాను కూడా."

అక్క అటు తిరిగి కూర్చుని చేయి చాపింది. కత్తెరమ్మ మాత్రం మత్తు సూది దగ్గర నుంచి కట్టు కట్టేదాకా రెప్ప వేయకుండా చూసింది. చర్మం తీసే పనిముట్టు తోలులో కన్నాలు పొడిచేదానిలాగే ఉందని, మొన ఎలా పదునుపెడతారని అడిగింది. పెన్సిలమ్మకు ఆ సంగతి తెలియదు. వాడి పారేస్తామని చెప్పింది.

ఆ తరువాత చాలాకాలం ఏ కబురూ లేదు. నాటకాలు మారాయి, ఋతువులు మారాయి. డాక్టరు మోతాదు కాస్త తగ్గించి చూశాడు, వేళ్ల వణుకు కొంచెం తెరిపి ఇచ్చింది. ఒకరోజు పెన్సిలమ్మ ఫోన్ చేసి, చూడాలనుకుంటే రావచ్చంది.

అక్క ఆమెను కారులో దింపి, తాను కిందే ఉంటానంది. కత్తెరమ్మ ఒక్కతే మేడెక్కింది.

చీకటి చేసిన చిన్న గదిలో సూక్ష్మదర్శిని పక్కన తెర వెలుగుతోంది. దాని మీద నల్లటి ఆవరణలో సన్నటి ఆకుపచ్చ కొమ్మలు ఒకదానికొకటి అల్లుకుని ఉన్నాయి. ఉండుండి వాటిలో చుక్కలు మిణుక్కుమంటున్నాయి. ఒకటి మెరిస్తే దాన్ని చూసి పక్కది, దాన్ని చూసి ఇంకోటి. కణం ఉత్తేజపడినప్పుడల్లా మెరిసేలా రంగు వేశామని పెన్సిలమ్మ చెప్పింది. మామూలు కంటే ఇవి తొందరగా, ఎక్కువగా మెరుస్తున్నాయట. తరువాత ఇంకో పళ్లెం పెట్టింది. అవీ కత్తెరమ్మ కణాలే, కానీ వాటిని వారం రోజులు లిథియంలో ఉంచారు. ఇక్కడా మెరుపులున్నాయి, కానీ తీరుబడిగా, ఒకదాని తరువాత ఒకటి.

కత్తెరమ్మ తెర దగ్గరికి వంగింది. తన బుర్రలో జరిగేదాన్ని ఎవరెవరో ఎన్నో పేర్లతో పిలిచారు. దాన్ని కంటితో చూడటం ఇదే మొదలు.

"వీటిలో ఏ పళ్లెం సంతోషంగా ఉంది?" అని అడిగింది చివరికి.

"పళ్లెంలో సంతోషం ఉండదండి, దిగులూ ఉండదు. అందుకు మొత్తం మనిషి కావాలి. ఇక్కడ ఉన్నది తొందర ఒక్కటే."

వెనక తలుపు చప్పుడైంది. గుమ్మంలో అక్క. ఎంతసేపటికీ చెల్లెలు రాకపోయేసరికి కాలు నిలవక మేడెక్కి వచ్చింది. తెర వంక చూస్తూ అలాగే నిలబడిపోయింది. అది నీదా అని అడిగింది. చెల్లెలు తల ఊపింది. అందంగా ఉందే అంది అక్క, ఆ మాట తన నోట వచ్చినందుకు తానే ఆశ్చర్యపోతూ.

తెర దగ్గరికి వచ్చి, "నావి కూడా ఉన్నాయా?" అంది.

ఉన్నాయని, కానీ చూపించకూడదని ఆమే రాసిచ్చిందని పెన్సిలమ్మ గుర్తుచేసింది. ఇప్పుడు చూడాలనిపిస్తే మళ్లీ సంతకం చేయవచ్చు. తొందర లేదు, ఇంటికి వెళ్లి ఆలోచించుకుని రమ్మంది. అక్క కుర్చీలో కూర్చుంది. ఇంటికి వెళ్తే మళ్లీ రానని తనకు తెలుసునంది. పెన్సిలమ్మ ఒకటికి రెండుసార్లు అడిగి, చూసిన తరువాత వెనక్కి తీసుకోవడం కుదరదని చెప్పి, అప్పుడు కాగితం ఇచ్చింది.

మూడో పళ్లెం పెట్టారు. అవే ఆకుపచ్చ కొమ్మలు. అవే మెరుపులు, అదే తొందర. ఏది ఎవరిదో పెన్సిలమ్మ చెప్పకపోతే ఎవరూ పోల్చుకోలేరు, చిన్నప్పుడు వాళ్లమ్మ పోల్చుకోలేనట్టే.

కత్తెరమ్మకు ముందు కలిగింది సంతోషం. దాచుకోలేనంత సంతోషం. ఇన్నాళ్లూ ఒకే కొలతకు కత్తిరించిన రెండు కోట్లలో తానే పాడైపోయిన కోటు అనుకునేది. కోత ఒకటేనన్నమాట. ఆ వెంటనే అక్క ముఖం చూసింది. సంతోషపడ్డందుకు సిగ్గుతో చచ్చిపోయింది.

అక్క మాత్రం ఏడవలేదు. బ్రేకు తొక్కినంత నిదానంగా అడిగింది. "అయితే నాకెందుకు రాలేదు?"

"అది మాకూ తెలీదు. ఇన్నాళ్లూ జబ్బు ఉన్నవాళ్లలో ఏం చెడిందా అని చూశాం. మీ ఇద్దరినీ చూశాక, లేనివాళ్లలో ఏది కాపాడిందా అని అడగాలనిపిస్తోంది. కానీ ఇది ఒక్క జంట. నేను పొరపాటు పడి ఉండవచ్చు. దీన్ని పట్టుకుని మీరు భయపడకండి, పళ్లెం మనిషి కాదు."

అక్క చెల్లెలిని ఇంటి దగ్గర దింపి వెళ్లిపోయింది. వారం రోజులు ఫోను కూడా చేయలేదు. కత్తెరమ్మకు పని మీద చేయి ఆడలేదు. తన సరదా కోసం అక్క నెత్తిన పిడుగు వేశానని తనను తాను తిట్టుకుంది. పొడుగు చేతుల అంగీ ఒకటి పొట్టి చేతులకు కత్తిరించేసి, దర్శకుడికి అదే కొత్త పోకడ అని నచ్చజెప్పాల్సి వచ్చింది.

ఒక మధ్యాహ్నం అక్కే దుస్తుల గదికి వచ్చింది. ఇన్నేళ్లలో అక్కడికి రావడం అదే మొదటిసారి. గుడ్డల తానుల మధ్య స్టూలు లాక్కుని కూర్చుని, కాసేపు గుండీల డబ్బా కెలికింది. ఆ తరువాత, ఎవరూ ఎప్పుడూ అడగని మాట అడిగింది.

"మొదలయ్యేటప్పుడు ఎలా ఉంటుందే?"

కత్తెరమ్మ కత్తెర కింద పెట్టింది. డాక్టర్లు లక్షణాలు అడిగారు, బంధువులు మందులు వేసుకుంటున్నావా అని అడిగారు. ఎలా ఉంటుందని ఎవరూ అడగలేదు. ఆమె తడుముకుంటూ చెప్పింది. మొదట్లో జబ్బులా ఉండదని, అప్పటిదాకా ఉన్నదే జబ్బనీ ఇప్పుడే నయమైందనీ అనిపిస్తుందని. వీధి దీపాలు, బస్సు నంబర్లు, ఎదురుపడ్డవాళ్ల చొక్కా రంగులు అన్నీ తనకేదో చెబుతున్నట్టు ఉంటుందని. నిద్రపోతే ఎక్కడ ఆ వెలుగు ఆరిపోతుందోనని పడుకోబుద్ధి కాదని.

అక్క వింటూ వింటూ చేతిలో గుండీ వదిలేసింది.

"నాకూ ఒకసారి వచ్చింది."

అక్కకు పాప పుట్టిన రెండో వారంలోనట. పసిదానికి పాలివ్వడానికి లేచి లేచి, ఒక దశలో నిద్రే మానేసింది. అలసట రాలేదు. ఇల్లంతా కడిగింది, కిటికీలు తుడిచింది, పొరుగువాళ్ల కిటికీలు కూడా తుడిచి వచ్చింది. పాప గోళ్లు చూస్తుంటే లోకం మొత్తం అర్థమైపోయినట్టు ఉండేదట. భర్త ఊళ్లో లేడు. ఇది చెల్లెలి దారేనని ఆమెకు తెలిసిపోయింది, కానీ ఎవరికీ చెప్పలేదు. అత్తగారు వచ్చి పాపను తన గదిలోకి తీసుకుపోయి, ఈమెను తెరలు వేసిన గదిలోకి తోసి తలుపు మూసింది. ఒక రోజంతా పడుకుంది. ఇంకో రోజు కూడా. లేచేసరికి ఏమీ లేదు, ఒట్టి అలసట తప్ప.

"ఇది పెన్సిలమ్మకు చెప్పాలక్కా," అంది కత్తెరమ్మ. ఆమె ఎవరే అని అక్క అడిగితే గానీ, ఆ పేరు తన మనసులోదేనని గుర్తురాలేదు.

చెప్పారు. పెన్సిలమ్మ ఎగిరి గంతేయలేదు కానీ, జుట్టులోంచి పెన్సిలు లాగి రాసుకోవడం మొదలుపెట్టింది. జుట్టంతా భుజాల మీద పడిందని కూడా చూసుకోలేదు. ఆ వారం గురించి ఎన్ని ప్రశ్నలో. గది ఎంత చీకటిగా ఉంది, పడుకునే ముందు ఏం తిన్నది, జ్వరం ఉందా. సగం వాటికి అక్క దగ్గర జవాబు లేదు. చివరికి అత్తగారినే తీసుకొస్తానంది.

అత్తగారు మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. కోడలిని అప్పుడు అలా పడుకోబెట్టాలని ఎందుకు తోచిందని పెన్సిలమ్మ ఎంతో మర్యాదగా అడిగింది. ముసలావిడ తడుముకోకుండా చెప్పింది. "తోచడానికేముందమ్మా. అది పిల్లను దించితే గదా, నా చేతికి వచ్చేది. మనవరాలిని కాసేపు నేనే ఎత్తుకోవాలని దీన్ని లోపలికి తోసేశాను. నిద్రపోయిందని కూడా నాకు తెలీదు."

కత్తెరమ్మకు నవ్వు ఆగలేదు. అక్కకూ ఆగలేదు. ఏళ్ల తరువాత ఇద్దరూ ఒకేసారి, ఒకే గొంతుతో పగలబడి నవ్వారు. అత్తగారు ఏం తప్పు మాట్లాడానా అని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పెన్సిలమ్మ మాత్రం నవ్వలేదు. నిద్ర కాపాడిందో, అదృష్టం కాపాడిందో, అసలు ఆ వారం దానంతట అదే తగ్గేదో ఈ ఒక్క కథతో తేల్చలేనని, అయినా వచ్చే పరీక్షల్లో నిద్ర గురించి అందరినీ అడుగుతానని అంది.

పరిశోధన ముగిసి, వ్యాసం అచ్చయ్యేసరికి ఇంకో రెండేళ్లు పట్టింది. తేలినది కత్తెరమ్మ అనుకున్నంత సాఫీగా లేదు. కొన్ని జంటల్లో జబ్బు లేని కవల కణాలూ అదే తొందరతో మెరిశాయి. కొన్నింట్లో నెమ్మదిగానే ఉన్నాయి. లిథియం కొందరి కణాలను నిదానపరిచింది, కొందరి వాటిని ముట్టుకున్నట్టే లేదు. ఒక ప్రశ్న పట్టుకుని వెళ్తే అది నాలుగు పిల్లల్ని పెట్టిందని పెన్సిలమ్మ వాపోయింది. వాపోతున్నట్టు ముఖం పెట్టింది గానీ, ఆమెకు లోలోపల అది పండగలాగే ఉందని కత్తెరమ్మకు అర్థమైంది.

కత్తెరమ్మ మాత్రలు వేసుకుంటూనే ఉంది. అక్క ఏ మాత్రలూ వేసుకోలేదు, వేసుకోవాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. పొద్దున్నే లేచి తనను తాను చూసుకోవడం మానిందా అంటే, మానలేదు. కానీ నిద్ర సరిగ్గా పట్టని రోజుల్లో ఆ సంగతి లోపల దాచుకోకుండా చెల్లెలికి చెప్పడం మొదలుపెట్టింది. చెల్లెలు కూడా అంతే. ఒకరి బాగోగులు ఒకరు అడిగి తెలుసుకుంటున్నారు, కాపలా కాయడం మాని.

ఆ ఏడు అక్క కూతురికి పదహారు నిండాయి. తల్లి ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పిన్ని జబ్బు గురించీ, పళ్లేల గురించీ, ఆమె పుట్టిన రెండో వారం గురించీ అంతా చెప్పింది. భయపడుతుందేమోనని కత్తెరమ్మను కూడా పిలిపించుకుంది. ఆ పిల్ల చివరిదాకా విని, తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "మరి నావి ఎలా మెరుస్తాయి?" అని అడిగింది.

తెలీదంది తల్లి. తెలుసుకోవాలని ఉంటే పద్దెనిమిది నిండేదాకా ఆగాలనీ, పిల్లల చర్మం వాళ్లు తీసుకోరనీ అంది. ఆ పిల్ల ముఖం మాడ్చుకుంది. ఇంత మంచి ప్రశ్నకు రెండేళ్లు ఆగమనడం ఏం న్యాయమని పిన్ని వైపు తిరిగి, అయితే మీరు చూసిందైనా మొదటినుంచీ సరిగ్గా చెప్పమంది. కత్తెరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని, చీకటి గది దగ్గర నుంచి మొదలుపెట్టింది.